చిలుకలు లేని గోరింకల యూరు

మా యక్కయ్య ఏ యూరికి పోయినను మొట్టమొదట చెట్లకొమ్మలవంక చూచును. దేవాలయమెక్కడ, కూరగాయల బజారెక్కడ, మంచినీరెట్లున్నది యను విచారణలన్నియు ఆ తరువాతనే. ఆ చూపు చిలుకలకొఱకని మాకు చిరకాలముగా తెలియును. ఆమె యింట పందొమ్మిది సంవత్సరములు ఒక రామచిలుక యుండెను. దానికి రాముడని పేరు. అది మరణించి చాలకాలమైనది గాని, అక్కయ్య చూపు మాత్రము మాఱలేదు.

ఆమె కుమార్తె భర్తతోగూడ సీషెల్సు దీవులలో, వాని రాజధానియైన విక్టోరియా పట్టణమున కాపురమున్నది. అల్లుడు అచ్చట నొక వర్తకశాలలో పద్దులు చూచును. “ఎండాకాలమంతా కాకినాడలో విసనకఱ్ఱ పట్టుకొని కూర్చునే బదులు ఒకసారి వచ్చిపోరాదా అమ్మా? పిన్నిని కూడా తీసుకొని రా” అని ఆ పిల్ల నాలుగేండ్లనుండి పిలుచుచుండగా, గడచిన వైశాఖమాసమున మేమిరువురము బయలుదేరితిమి.

ముంబయిలో విమానమెక్కిన తరువాత నాలుగున్నర గంటలు క్రింద నీరు తప్ప మఱియేమియు కానరాదు. ఇంక భూమియే లేదేమో యనుకొనుచుండగా సముద్రమునుండి పచ్చని కొండ యొకటి తలయెత్తును. అదియే మాహె దీవి. మన యానాముతోగూడ పుదుచ్చేరి ప్రభుత్వమునకు చెందిన కేరళతీరపు మాహె వేరు, ఈ మాహె వేరు. రెండింటను పూర్వము ఫ్రెంచివారి యేలుబడి యుండెను. నూటపదునైదు దీవులుగల యీ రాజ్యమున ఇదియే పెద్దదైనను, దీని పొడవు ముప్పది కిలోమీటర్లు లేదు. నడుమనున్న శిఖరము 905 మీటర్ల యెత్తు. 1971లో విమానాశ్రయము ఏర్పడువఱకు ఇచ్చటికి ఓడలే గతి. దేశమంతటి జనసంఖ్య లక్షకు కొంచెము పైన; మన కాకినాడ జనములో ఇంచుమించు మూడవవంతు. ఇంత చిన్న రాజ్యమునకు జెండా, నాణెము, పార్లమెంటు అన్నియు నున్నవని అక్కయ్య ముచ్చటపడెను.

విక్టోరియా పట్టణము కొండకును సముద్రమునకును నడుమ ఇరుకున కూర్చున్నది. నాలుగు వీధులు కలియుచోట 1903లో కట్టిన గడియారపు స్తంభము వెండివన్నెతో నిలిచియుండును. దానినుండి ఏ దిక్కునకు నడచినను అరగంటలో ఊరు ముగిసి, పొట్టిగోడల వెనుక పనసలు, మామిళ్లు, సీమపనసలు కానవచ్చును. కొండవాలులందు దాల్చినచెట్లు అడవియై పెరిగినవి. సముద్రతీరమున గాలికి ఒరిగి నీడనిచ్చు పెద్దచెట్లను అచ్చటివారు తకమాకలందురు. మేము దగ్గఱకు పోయి ఆకు త్రుంచి చూతుము గదా, అది మన పొన్నచెట్టే! పొన్నపూవులను చూచి అక్కయ్య సగము ప్రయాణపు బడలిక మఱచిపోయెను.

మఱునాటి యుదయమున బజారునకు పోతిమి. ఆ బజారు 1840లో ఏర్పడినదట. ఇప్పటి కట్టడము చిన్నదైనను శుభ్రమైనది. క్రింద చేపలు, ప్రక్కన కాయగూరలు, మిరియాలు, వెనిలాకాయల కట్టలు. చేపలు కోయు బల్లలయొద్ద తెల్లకొంగలు బేరమాడవచ్చినవానివలె ఓపికగా నిలిచియుండును. వానిని ఎవ్వరును తోలరు. పైన రేకులమీదను, అరటిగెలలమీదను, వీధిలోని ప్రతి చెట్టుమీదను గోరింకలే. మన గోరింకలే! అదే పసుపుముక్కు, అదే జగడాలమారి నడక. పూర్వమెప్పుడో మనదేశపు గోరింకలను ఈ దీవులకు తెచ్చి విడిచిరనియు, ఇప్పుడవి లెక్కకు మించి పెరిగినవనియు పిల్ల చెప్పినది. అక్కయ్య ఆ మాట విని, తలయెత్తి నలుదిక్కులు చూచి, అడుగవలసిన ప్రశ్న అడుగనే యడిగెను.

“గోరింకలున్నాయి, సరే. చిలకలేవే?”

మన భాషలో ఆలుమగలు అన్యోన్యముగా నున్నచో చిలకా గోరింకలందుము. అవి రెండును వేఱువేఱు జాతులైనను మన నోటిలో ఏనాడో దంపతులైనవి. కావున అక్కయ్య యడిగిన దానిలో తప్పులేదు. ఒకటి యున్నచోట రెండవది యెక్కడ నని యడిగినది. పిల్ల మాత్రము సమాధానము చెప్పక, “ఇక్కడ ఉండవమ్మా. రా, ఆ బిలింబికాయలు చూడు, పచ్చడికి బాగుంటాయి” యని మాట తప్పించెను. పిల్లలు మాట తప్పించుట తల్లులకు తెలియదా? అక్కయ్య ఊరకుండెను గాని, ఆ ప్రశ్నను చెంగున ముడివేసికొన్నదని మాకు తెలిసినది.

ఆ ముడి రెండవనాటి సాయంకాలము దేవాలయమున విడినది. విక్టోరియా పట్టణమున తమిళులు 1992లో నెలకొల్పిన నవశక్తి వినాయక దేవాలయమున్నది. రంగురంగుల గోపురము కొండపచ్చదనము ముందు నిలిచియుండగా చూచినప్పుడు, మన తీరమున ఏదో యొక వీధిలోనికి తిరిగివచ్చినట్లే తోచును. అక్కయ్య కొన్నాళ్లు చెన్నపట్టణమున కాపురముండుటచే తమిళము తెలియును. ప్రసాదము పుచ్చుకొనుచు, చిరకాలముగా నచ్చటనే యున్న యొక యిల్లాలితో మాటలలో దిగెను. గోదాదేవి చేతిలోని చిలుకను గూర్చి యేదో ప్రసంగము వచ్చినట్లున్నది. కొంతసేపటికి అక్కయ్య ముఖము వెలవెలబోయి మావైపు తిరిగెను.

“ఇక్కడ రామచిలకలు ఉండేవిట. పొద్దుగూకే వేళకు గుంపులు గుంపులుగా అరుచుకుంటూ పోయేవిట. అన్నిటినీ కాల్చేశారుట.”

ఆ రాత్రి ఆమె మజ్జిగ మాత్రము త్రాగి పరుండెను.

మఱునాడు పిల్ల దాచుటకు వీలులేక ఆ కథ నంతయు చెప్పినది. మేమును తరువాత కొంత చదివి, కొంత అడిగి తెలిసికొంటిమి. సోదరీమణులకు దానిని ఉన్నదున్నట్లు చెప్పెదము.

మాహె దీవికి తన స్వంతచిలుక యొకటి పూర్వముండెను. భూలోకమున మఱెక్కడను లేనిది. ఈ మాహెయందును, ఎదుటనున్న సిలువెట్టు దీవియందును మాత్రమే యుండునది. ఆకుపచ్చని మేను, భుజమున ఎఱ్ఱని మచ్చ. మన రామచిలుకకుండు గులాబిరంగు కంటె దానికి లేదు. శాస్త్రజ్ఞులు దానికి పేరుపెట్టినది 1867లో. అప్పటికే అడవులు నఱకి కొబ్బరితోటలు వేయుచుండిరి. చిలుకలు మొక్కజొన్న పొత్తులు కొఱుకుచున్నవని తోటలవారు వానిని తుపాకులతో కాల్చిరి. వలలు పన్ని పట్టిరి. 1893లో దొరకినదే కడపటి పక్షి. 1906 నాటికి వెదకినను కనబడలేదు. పేరుపెట్టిన నలువది యేండ్లలోపల ఆ పేరుగలది లేకపోయెను.

దాని సజీవరూపమును చూచి చిత్రించినవారు ఒక్కరే. వారు స్త్రీ యని చెప్పుటకు మాకు సంతోషముగా నున్నది. మేరియన్ నార్తు అను నాంగ్లేయవనిత పెండ్లియాడక, రంగులపెట్టె చేతబట్టుకొని దేశదేశములు తిరిగి చెట్లను, పూవులను చిత్రించినది. 1877 మొదలు 1879 వఱకు మన భారతదేశమునను సంచరించినది. ఏబదేండ్లు దాటిన వయస్సున, 1883లో, సీషెల్సునకు వచ్చి కొండలెక్కి దిగుచు, ఒకరియింట పెంచుకొనుచున్న రెండు చిలుకలను చూచి కొమ్మమీద కూర్చున్నట్లు చిత్రించినది. లండను దగ్గఱ క్యూ తోటలో ఆమె పేర నున్న చిత్రశాలయందు ఆమె వ్రాసిన చిత్రములు ఎనిమిదివందలకు పైగా గోడలనిండ నున్నవి. ఈ దీవులలోని యొక చెట్టుజాతికి ఆమె పేరే పెట్టిరి. పిల్ల ఆ చిలుకల చిత్రమును ఫోనులో చూపగా అక్కయ్య చాలసేపు చూచి, “పాపం, వీటికీ పంజరమే గదా” యనెను.

ఇట్లు దీవి స్వంతచిలుక పోయిన డెబ్బది యేండ్లకు, 1970ల ప్రాంతమున, మన జాతి రామచిలుకలు ఇచ్చటికి వచ్చినవి. ఎగిరివచ్చినవి కావు. వేలమైళ్ల సముద్రమును దాటు శక్తి వానికి లేదు. ముచ్చటకై పంజరములలో తెచ్చిరి. పంజరము తలుపు ఎప్పుడో యొకనాడు ఎవరో యొకరు సరిగా వేయరు. ఇది లోకమంతట జరుగునదే. బయటపడిన చిలుకలకు మాహెలో తిండికి కొఱత లేదు. శత్రువులు తక్కువ. తొఱ్ఱలున్నవి, పండ్లున్నవి. సంవత్సరమునకు మూడు నాలుగు గ్రుడ్లు. కొన్నియైనవి, పదులైనవి, వందలైనవి. తోటలలోని పండ్లు కొఱికినవని రైతులు గొణిగిరి గాని, వాని మరణమునకు అసలు కారణము అది కాదు.

మాహెకు సుమారు నలువదియైదు కిలోమీటర్ల దూరమున ప్రాలిన్ అను దీవి యున్నది. అచ్చట నల్లచిలుక యొకటి కలదు. కాటో నువార్ అని అచ్చటి క్రియోలుభాషలో పేరు. అది సీషెల్సు జాతీయపక్షి. ప్రాలిన్ తప్ప మఱెక్కడను గూడుపెట్టదు. 2010 దరిదాపుల లెక్కించినప్పుడు 520కిని 900కిని నడుమ నుండునని తేలినది. మన యొక్క పెండ్లిపందిటిలో కూర్చుండు జనమంత! లోకమునందున్న ఆ జాతి యంతయు అంతే. మాహెలోని రామచిలుకలు ఒకనాడు గాలివాటున ప్రాలిన్ చేరినచో, బలవంతమైనవి గనుక తొఱ్ఱలను ఆక్రమించును. తొఱ్ఱమాట యటుంచినను, అంతకు మించిన భయమొకటి యుండెను. చిలుకలకు ముక్కు, ఈకలు చెడి రాలిపోవు వైరసు రోగమొకటి కలదు. మారిషసు దీవిలో, 1980లలో పదిపండ్రెండు పక్షులవఱకు దిగజారి, ఎంతో శ్రమతో మరల పెంచబడిన పచ్చచిలుక జాతికి 2005 ప్రాంతమున ఆ రోగము సోకి చాల నష్టము కలిగించెను. ఆ వైరసు మాహెలోని రామచిలుకలయందు కనబడినది. ప్రాలిన్ నల్లచిలుకలయందు కనబడలేదు.

కావున సీషెల్సు దీవుల ఫౌండేషను వారు మాహెలోని రామచిలుకలను పూర్తిగా లేకుండజేయుటకు పూనుకొనిరి. చెట్లచివరల తిరుగు పక్షులను వలలకు పట్టుట అంత సులువు కాదు. పట్టినను రోగమున్నదేమో యను శంకగలవానిని ఎచ్చటికి పంపుదురు? తుపాకియే శరణ్యమైనది. కాల్చుకొలది మిగిలినవి తెలివిమీఱినవి. మనుష్యుని కదలిక చూచి పారిపోవుట నేర్చినవి. తుదకు ఎక్కడెక్కడనో యొకటి రెండు మిగిలినప్పుడు, చిలుక కనబడినచో తెలుపుడని ప్రజలను కోరి, సమాచారము తెచ్చినవారికి బహుమానము కూడ ప్రకటించిరి. అయిదువందలకు పైగా పక్షులు పోయినవి. కడపటిది 2017లో కూలినది. ఆపైన రెండేండ్లు వేచి, వెదకి, ఇంక లేవని నిశ్చయించుకొని 2019లో ఆ మాట ప్రకటించిరి. ఇంత పెద్ద దీవినుండి ఈ జాతి చిలుకను సమూలముగా తొలగించుట లోకమున ఇదే మొదటిసారియట.

పిల్ల యిదంతయు చెప్పి ముగించునప్పటికి అక్కయ్య చేతిలోని కాఫీ చల్లారిపోయెను.

“వాటిని తెచ్చినవాళ్లు మనుషులు. వదిలినవాళ్లు మనుషులు. తూటాలు మాత్రం వాటికా?” అనెను.

పిల్ల ఏమియు అనలేదు. అల్లుడు వార్తాపత్రికలో తల దూర్చెను. మేమును మాటాడలేదు. నిజము చెప్పవలెనన్న, ఫౌండేషనువారు చేసినది సరియేయని మాకప్పటికే తోచినది. మన యింట ఒకరికి అంటురోగమున్నదని, ప్రక్కయింటి పసిపిల్లలను కాపాడవలెనని వైద్యుడు చెప్పినచో వినమా? అయినను ఈ పోలిక అక్కయ్యకు చెప్పుటకు నోరు రాలేదు. అంటురోగమువానిని మనము కాల్చము గదా! ఆమె ప్రశ్నలో సగమునకు మాయొద్ద సమాధానము లేదు. మొక్కజొన్నకొఱకు ఒక జాతినే తుడిచిపెట్టిన తోటల యజమానులను ఎవ్వరును దండింపలేదు. చిలుకను పంజరమున తెచ్చిన వారినిగూడ ఎవ్వరును అడుగలేదు. మన రాయలసీమలో జొన్నచేను కాయువారు మంచె కట్టుకొని, ఒడిసెలతో చిలుకలను తోలుచు, సాయంత్రము ఇంటికి వచ్చి అదే చిలుకను చీరంచుమీదను, ముగ్గులోను వేసికొందురు. మేమే రైతుబిడ్డలము, తోలినవారము, ముగ్గు వేసినవారము.

తరువాతి ఆదివారము పిల్ల మమ్ములను ప్రాలిన్ దీవికి తీసికొనిపోయినది. అక్కయ్య మొదట రానన్నది. “ఆ నల్లదాన్ని చూడడానికా నేను?” అనెను. తరువాత చీర మార్చుకొని వచ్చెను. ఓడలో ఒక గంట ప్రయాణము. ఆ గంటయు సముద్రము మమ్ములను ఊయలలో వేసి ఊపినది. తెచ్చుకొన్న నిమ్మకాయలు రేవు చేరులోపల ముగిసినవి.

ప్రాలిన్ నడుమనున్న వాలే ద మే యను లోయ 1983లో ప్రపంచ వారసత్వస్థలముల పట్టీలో చేరినది. విస్తీర్ణము ఇరువది హెక్టార్లు నిండదు. మన పల్లెలలో నొక మోతుబరి కమతమంత. కాని లోపల అడుగిడినచో ఆకాశము కనబడదు. తాటిజాతి చెట్లు మేడలంత యెత్తున నిలిచి, ఒక్కొక్క యాకు పందిరివలె విచ్చుకొనియుండును. గాలి వీచినప్పుడు ఆ యాకులు ఒకదానినొకటి రాచుకొని, పెద్ద తలుపులు మూసినట్లు చప్పుడగును. కోకో ద మేర్ అను జంటకొబ్బరికాయ కాయు చెట్లివి. కాయ పండుటకు ఆరేడేండ్లు పట్టును. బరువు పదునెనిమిది కిలోలవఱకు నుండును. లోకమున గింజలన్నిటికంటె పెద్దది ఇదే.

ఆ కాయను చూడగానే అక్కయ్య, “ఇది కమండలం గదే!” అనెను. నిజమే. మన సన్న్యాసులు చేతబట్టు నల్లని కమండలములలో కొన్ని యీ కాయచిప్పలే. పూర్వము ఇవి సముద్రమున కొట్టుకొనివచ్చి మన దేశపు తీరములకు చేరుచుండగా, సముద్రగర్భమున చెట్టున్నదని జనులు నమ్మిరి. 1768లో ఈ ప్రాలిన్ దీవిలో చెట్టును కనుగొనువఱకు ఆ నమ్మిక పోలేదు. ఒడ్డుచేరిన కాయ మొలవదు. సముద్రమున కొట్టుకొనివచ్చిన దానివలన మన తీరమున కేమియు చెడలేదు. మనుష్యుడు చేతబట్టుకొని పోయినదే చెఱుపు చేసినది.

నల్లచిలుక లోయలో మాకు కనబడలేదు. రెండుసార్లు ఈలవంటి సన్నని కూత వినబడినది. తలలెత్తి మెడలు నొప్పిపుట్టువఱకు చూచితిమి. లోయలోని యొక మోడు వద్ద కావలివాడు నిలిచి, చచ్చి డొల్లయైన ఇటువంటి తాటిమోడులలోనే నల్లచిలుక గ్రుడ్లు పెట్టునని చూపెను. అక్కయ్య ఆ మోడును చూచి కదలలేదు. ప్రక్కనున్న బండమీద కూర్చుండి, పిల్ల ముందునకు పోయిన తరువాత, మెల్లగా చెప్ప నారంభించెను.

“మన రాముణ్ణి ఎక్కడినుంచి తెచ్చానో నీకు తెలుసా?”

తెలియునంటిమి. 1992 వేసవిలో, ఆమె అమలాపురము ప్రక్కపల్లెలో కాపురమున్నప్పుడు, ఒక కుఱ్ఱవాడు తెచ్చి అమ్మినాడని యింటిల్లిపాదికి తెలిసినదే.

“కొబ్బరిమోడులోనుంచి తీశాడు. తల కొట్టేసినట్టు ఇలాగే ఉండేది. బుట్టలో రెండు పిల్లలు. కళ్లు అప్పుడే తెరిచాయి. రెండూ కొన్నాను. రెండోది మూడోనాడు చచ్చిపోయింది. దొడ్లో కరివేపచెట్టు కింద పాతాను. మీ బావగారికి కూడా చెప్పలేదు. మరుసటి ఏడు వాడే మళ్లీ వచ్చాడు, ఆరు పిల్లలతో. నేను ఇరవై రూపాయలు ఇచ్చానని వాడికి రుచి తగిలింది.”

ముప్పదియేండ్లుగా ఆమె మాయొద్ద దాచినది ఆ మాట. మన దేశపు పక్షులను పట్టి అమ్ముటకు, కొనుటకు 1992 నాటికే నిషేధమున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి తరువాత చేసిన సవరణలు రామచిలుకకును వర్తించును. పంజరమున రామచిలుకను పెంచుట నేరమని మా వీధిలో నేటికిని తెలియని యిండ్లు కలవు. తెలిసినను చిలుకజోస్యమువాడు వచ్చినప్పుడు చేయి చాచుచున్నాము. అక్కయ్య చట్టమును గూర్చి మాటాడలేదు. తొఱ్ఱయొద్దకు తిరిగివచ్చి, పిల్లలు లేక అఱచిన తల్లిచిలుకను గూర్చి యనెను. “ఆ మాట వాడే నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను” అనెను. అంతకుమించి యేమియు అనలేదు, మేమును ఓదార్చలేదు. ఓదార్చుటకు అది అంతటి దుఃఖము కాదని ఇతరులకు తోచవచ్చును. ఆ బండమీద ఆమె ప్రక్కన కూర్చున్నవారికి అట్లు తోపదు.

తిరిగివచ్చునప్పుడు, లోయ బయట, దారిప్రక్కనున్న యొక యింటి పెరటిలో బిలింబిచెట్టు నిండ కాసియుండెను. పిల్ల చటుక్కున మా చేయి పట్టుకొని ఆపినది. కాయల నడుమ తడిసిన మట్టివన్నెగల పక్షి యొకటి తలక్రిందుగా వ్రేలాడుచు, పుల్లని కాయను కాలితో పట్టుకొని తాపీగా తినుచుండెను. దానిని నల్లచిలుక యందురుగాని నలుపుకాదు; బూడిదయు గోధుమయు కలిసినట్లుండును. కంటెలేదు, ఎఱ్ఱమచ్చలేదు, పలుకులేదు. రామచిలుక ప్రక్కన పెట్టినచో బీదయింటి పిల్లవలె నుండును. అది మమ్ములను చూచి బెదరలేదు. కాయ సగము తిని పాఱవైచి, మఱియొకటి త్రుంచుకొన్నది.

“తినే తీరు మాత్రం రాముడే” అని అక్కయ్య అనెను. అది యెగిరిపోవువఱకు, ఓడకు వేళ మించిపోవుచున్నదని పిల్ల తొందరించుచున్నను, ఆమె కదలలేదు.

మిగిలిన పదిదినములలో మేము చూచినవి అనేకము కలవు. పొన్నల నీడగల బో వలోన్ తీరమును గూర్చి, దాల్చినయాకులు వేసి వండు కూరలను గూర్చి వేఱొకసారి వ్రాసెదము. బయలుదేరు దినమున అక్కయ్య మరల ఆ దేవాలయమునకు పోయి, ఆ తమిళ యిల్లాలియొద్ద సెలవు తీసికొన్నది. వారేమి మాటాడుకొనిరో మేము వినలేదు. బయట గోపురముమీద గోరింకలు మాత్రము ఊరంతయు తమదేయన్నట్లు అఱచుచుండెను. చిన్నదగు డెనిసు దీవినుండి ఈ గోరింకలనుగూడ 2015 నాటికి తొలగించిరట. మాహెలో మాత్రము వీనికి లెక్కలేదు, ఎవ్వరును పూనుకొనరాదు.

కాకినాడకు వచ్చిన మఱునాడు మా పెరటి జామచెట్టుమీద చిలుకలు వ్రాలినవి. ఎనిమిదో తొమ్మిదో యుండును. సగము కాయలు కొఱికి క్రిందవేసినవి. ఇదివఱకైనచో అక్కయ్య లోనికి పిలిచి పచ్చిమిరపకాయ చూపి ముద్దులాడును. మేము కఱ్ఱ తీసికొని తోలుదుము. ఆ దినమున ఇరువురమును వసారాలో కూర్చుండి ఊరక చూచితిమి.

రాముని పంజరము ఇంకను అటకమీదనే యున్నది. ఇత్తడిది, బరువైనది. పాతసామానులవానికి ఇచ్చివేయుమని మేము రెండు పర్యాయములు చెప్పితిమి. ఎవరైన కొనుక్కొని మరల అందులో చిలుకనే పెట్టుదురేమోయని అక్కయ్య ఇచ్చుట లేదు.